మా నాన్న చుక్క ముట్టలేదు

పైన పెట్టిన నాలుగు మాటలూ రాయడానికి నాకు యాభై రెండేళ్లు పట్టింది.

ఇన్నేళ్లూ వాటిని నోట్లో పెట్టుకునే తిరిగాను. వాటి మీదే అన్నం తిన్నాను. వాటి మీదే పదిమందిలో నవ్వాను. ఇప్పుడు నాకు డెబ్భై ఆరు. పళ్లు సగం ఊడిపోయాయి. ఈ మాటలు మాత్రం ఊడి పడలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలెండి, ఎప్పటి మాటో" అంటారు. ఆ పోనీలెండి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా కోనసీమలో ఆ ఒక్క మాట కింద ఎన్ని ఘోరాలు కప్పెట్టుకున్నామో! మీరు ఆ మాట అనకండి. ఓదార్చకండి. వినండి, చాలు.

పేరు రాయను. పిరికితనమే అనుకోండి. కొంత అదీ ఉంది. కానీ నా పేరు బయటపడితే నా మేనకోడలి పేరూ బయటపడుతుంది. ఆమె రాజమండ్రిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతోంది. ఇక్కడ ఆమెను ఉమ అంటాను. అది ఆమె పేరు కాదు.

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి దాకా. మిగతాదంతా ఊరి గ్రంథాలయంలో బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాట వెతుక్కుంటూ. మెదడు జబ్బుల గురించి నేను చదివినంత మా మండలంలో ఇంకెవరూ చదివి ఉండరు. గొప్పకు చెప్పడం లేదు. పాపం, తెలియక చేశాడు అనుకుంటారేమోనని ముందే చెబుతున్నాను. మొదటిసారి తెలియక చేశాను. రెండోసారి తెలిసే చేశాను.

మా నాన్న కొబ్బరికాయలు లెక్కవేసే మనిషి. అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో కాయల దింపు అయ్యాక రాశి పోస్తారు. ఒక పక్క తోట రైతు, ఒక పక్క వర్తకుడి మనిషి నిలబడతారు. మధ్యలో నాన్న. చేతికి రెండేసి కాయలు తీసి అవతలకు విసురుతూ పాటలా లెక్కపెట్టేవాడు. మా వైపు లెక్కలో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు... వేల కాయలైనా ఆయన గొంతు తడబడేది కాదు. రైతూ వర్తకుడూ ఒకరినొకరు నమ్మేవారు కాదుగానీ ఇద్దరూ నాన్నను నమ్మేవారు.

కల్లంటే ఆయనకు గిట్టదు. తాటితోపు పక్కనుంచి నడవాల్సి వస్తే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. ఆ కండువాను గుర్తుపెట్టుకోండి.

ఆయనకు యాభై దాటుతుండగా మొదలైంది. ఒకరోజు తోటలో లాభం అన్నాడు. కాయలు విసిరాడు. మళ్లీ లాభం అన్నాడు. మళ్లీ లాభం. రెండు అనే మాట దగ్గరకు వెళ్లలేకపోయాడు. వర్తకుడి మనిషి పకపకా నవ్వాడు.

"ఏంటండీ ఇవాళ అన్నీ లాభాలేనా! నష్టమన్నదే లేదన్నమాట!"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నవ్వాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ నవ్వు నాకిప్పటికీ కనిపిస్తుంది.

తరువాత పనికి పిలవడం మానేశారు. ఏడాది తిరక్కుండానే ఆయన మా వీధిలోనే నిలబడి మా ఇల్లు ఎటని అడిగే స్థితికి వచ్చాడు. ఊరు ఊరుకుంటుందా? గాలి సోకిందన్నారు. ఎవరో ఏదో చేయించారన్నారు. చివరికి అసలు మాట మొదలుపెట్టారు. "వాళ్ల వంశంలోనే ఏదో ఉందండీ. వాళ్ల తాతా అంతేనంట."

అప్పుడు నా చెల్లెలికి పంతొమ్మిదేళ్లు. సంబంధాలు చూస్తున్నాం. వంశంలో మతిచలనం ఉందన్న మాట ఒక్కటి బయటికి పొక్కితే ఆ గడప ఎవరూ తొక్కరు. అదే ఇంటిపెద్ద తాగుబోతు అయితే? ఏమీ కాదు. తాగుడు మనిషితో పోతుంది, పిచ్చి రక్తంతో వస్తుంది. ఇదీ మా ఊరి శాస్త్రం. నన్ను ఇప్పటికీ మండించేది ఏమిటంటే, అందులో సగం నిజం. మా వాళ్లకు వంశం అడగడం తెలుసు. అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు తవ్వి తీస్తారు. కానీ అడిగేది ఆదుకోవడానికి కాదు, తప్పించుకోవడానికి. జబ్బు చేసిన మనిషిని చూడగానే మా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఈయనకు ఏం కావాలి అని కాదు, వీళ్లింట్లో పిల్లను చేసుకోవచ్చా అని!

ఊరి మీద ఇంత కోపం చూపిస్తున్నాను. ఎందుకు? నా వంతు చెప్పాల్సి వచ్చేసరికి కాలయాపన చేస్తున్నానా? చేస్తున్నాను. సరే, చెబుతాను.

సామర్లకోట నుంచి పెళ్లివారు వచ్చారు. ఆరుగురు. నాన్నకు తెల్ల పంచె కట్టి, కండువా వేసి, ఏమీ మాట్లాడకండి అని చెప్పి కుర్చీలో కూర్చోబెట్టాం. చెల్లెలు వచ్చి చాప మీద కూర్చుంది. వరుడి తండ్రి మంచివాడే, కలుపుగోలు మనిషి. నాన్న వైపు తిరిగి, "అమ్మాయిని ఏమని పిలుస్తారండీ బావగారూ?" అన్నాడు.

నాన్న చెల్లెలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత ఎంతో మర్యాదగా, "ఈ అమ్మాయి ఎవరండీ? మీతో వచ్చిందాండీ?" అన్నాడు.

చెల్లెలు తల ఇంకా కిందికి దించుకుంది. వరుడి తండ్రి మొహంలో ఆ ప్రశ్న మొలవడం నేను చూశాను. వీళ్లింట్లో పిల్లను చేసుకోవచ్చా. అది పూర్తిగా మొలిచేలోగా నేను వంగి ఆయన చెవిలో అన్నాను.

"ఏమనుకోకండి మావయ్యగారూ. పొద్దున్నే యానాం వెళ్లొచ్చారు."

యానాం అంటే మా వైపు విడమరచి చెప్పక్కర్లేదు. గోదావరికి అవతల పాండిచ్చేరి వాళ్ల ఊరు. అక్కడ మందు చవక. మా ఇటువైపు మనుషులు ఏరు దాటించే పంటెక్కి వెళ్లి తాగి వస్తారు. ఆయన మొహం విప్పారింది. "ఓస్, అంతేనా!" అన్నాడు. "మా తమ్ముడూ అంతేనండి. పంటు దిగేసరికి పెళ్లాం పేరు కూడా ఉండదు వాడికి!" గది మొత్తం నవ్వింది. సంబంధం కుదిరింది.

అక్కడితో ఆగి ఉంటే నోరు జారిందనుకునేవాణ్ని. ఆగలేదు. పెళ్లికి మూడు నెలలుంది, ఈలోగా ఎవరైనా వచ్చి చూస్తే? అబద్ధానికి వాసన కావాలని నాకు తోచింది. మర్నాడు ఎదుర్లంక రేవులో పంటెక్కి యానాం వెళ్లాను. బ్రాందీ సీసా కొన్నాను. ఇంటికి వచ్చి, నాన్న పెరట్లో కూర్చుని ఉండగా, దండెం మీద ఆరేసిన ఆయన కండువా మీద పోశాను. ఖాళీ సీసా వీధివైపు అరుగు మీద, నలుగురికీ కనబడేలా పెట్టాను.

అలా ఎన్నిసార్లు? పెళ్లయ్యేదాకా, వారానికోసారి. నేను పోసేవాణ్ని, అమ్మ ఉతికేది. ఆ వాసన ఎక్కడిదో ఆమెకు తెలుసు. నన్ను అడగలేదు. ఆమెను నిందించడానికి నాకు నోరు లేదు. చెల్లెలు మాత్రం ఆ సీసాలు చూసి, నాన్న మతిమరుపంతా తాగుడు వల్లేనని నమ్మింది.

ఇప్పుడు రాయబోయేది మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఈ జబ్బులో మొదట్లో మంచి రోజులు కొన్ని వస్తాయి. మనిషి ఒక పూట తిరిగొస్తాడు. అలాంటి ఒక ఉదయం నాన్న కండువా అందుకుని మెడ చుట్టూ వేసుకోబోయి ఆగాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నన్ను పిలిచాడు.

"ఒరే పెద్దోడా. ఇలా రా. ఇది నాదేనా?"

"మీదే నాన్నా."

"నేను తాగుతున్నానట్రా?"

నేను దండెం వైపు చూశాను.

"అరుగు మీద ఆ సీసాలు... మొన్న ఎవరో అన్నారు, బాగా అలవాటు పడ్డారేంటండీ అని. నిజమేనట్రా?"

"అవును నాన్నా."

"ఎప్పుడు మొదలెట్టానురా? నాకు జ్ఞాపకం లేదే."

"ఏడాది అయింది నాన్నా."

ఆయన కండువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాన్న ఆమె ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. "తప్పయిపోయిందే. ఇంక ముట్టను. పిల్ల పెళ్లి పెట్టుకుని ఏం పని ఇది. ఇంక ముట్టను," అన్నాడు.

అమ్మ అటు తిరిగి పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయింది.

తన పేరు తనకు తెలిసినన్నాళ్లూ ఆయన ఆ మాట ఇస్తూనే ఉన్నాడు. నెలకు రెండుసార్లు, మూడుసార్లు. ముట్టని దాన్ని మానేస్తానని. ఎందుకు మానలేకపోతున్నానురా అని నన్నే అడిగేవాడు. ఆయన అన్నీ మరిచిపోయాడు. నేను నేర్పిన ఈ ఒక్కటి మాత్రం మరవలేదు. అది ఎలాగో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. సిగ్గు మెదడులో ఇంకెక్కడో ఉంటుందా?

పెళ్లిలో ఆయన చేత వరుడి కాళ్లు కడిగించలేదు. తాగేవాడి చేత కన్యాదానం ఏమిటన్నారు పెద్దలు. పినతండ్రి పీటల మీద కూర్చున్నాడు. నాన్న పందిట్లో ఒక మూల, కొత్త పంచె కట్టుకుని, ఎవరి పెళ్లో చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. ఆరోజు ఆయన ఒంటి మీద ఏ వాసనా లేదు. ఎవరూ దగ్గరకు వెళ్లి చూడలేదు.

ఆరేళ్లకు పోయాడు. పెద్దకర్మ నాడు కాకికి పిండం పెట్టేటప్పుడు, పోయినవాళ్లకు ఇష్టమైనవి పక్కన పెడతారు మా వైపు. చుట్ట తాగేవాడికి చుట్ట, కిళ్లీ వేసుకునేవాడికి కిళ్లీ. మా బంధువు ఒకడు, నాన్నంటే నిజంగా ప్రేమున్నవాడు, యానాం నుంచి సీసా పట్టుకొచ్చి పిండం పక్కన పెట్టాడు. కళ్లనీళ్లతో పెట్టాడు. కాకి రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. "మూత తీయండ్రా, మూత ఉంటే ఎలా ముడతాడు పాపం!" అన్నారెవరో. మూత తీశారు. కాకి వచ్చింది.

"చూశారా! చూశారా!" అన్నారు అందరూ. ఏడుపుల్లోంచే నవ్వులు. కర్త నేను. తడిబట్టలతో అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట. ఒక్క మాట చాలు. సీసా తీసి కాలవలోకి విసిరినా చాలు. నేనూ నవ్వాను.

ఆ కాకి కథ మా ఇళ్లలో నవ్వుకునే కథ అయిపోయింది. ఏ పెళ్లిలోనైనా, ఏ బారసాలలోనైనా భోజనాల తరువాత ఎవరో ఒకరు మొదలుపెడతారు. అందరికంటే బాగా చెప్పేది నా చెల్లెలు. నవ్విస్తూ చెప్పేదిగానీ కోపంతో చెప్పేది. తన పెళ్లిచూపుల్లో తాగొచ్చి తననే ఎవరని అడిగిన తండ్రిని ఆమె క్షమించలేదు. అత్తవారింట్లో గోడ మీద అమ్మ ఫొటో పెట్టుకుంది. నాన్న ఫొటో పెట్టనివ్వలేదు. నేను వెళ్లినప్పుడల్లా ఆ గోడ చూసేవాణ్ని, కాఫీ తాగి వచ్చేసేవాణ్ని.

ఆమెకు యాభై నాలుగేళ్లప్పుడు భర్త పోయాడు. మరుసటి ఏడాది నేను వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో డబ్బాలోంచి బియ్యం కొలుస్తోంది. లాభం అంది. గిన్నెలో పోసింది. లాభం అంది. మళ్లీ పోసింది. లాభం. గిన్నె నిండి బియ్యం గట్టు మీదికి జారుతున్నాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

బంధువులు భర్త పోయిన దిగులన్నారు. తరువాత చాదస్తం అన్నారు. ఈ చాదస్తం అనే మాటను ఎవడు కనిపెట్టాడో నాకు దొరికితే బాగుండును! ముసలివాళ్ల చేష్టలనీ, మెదడు లోపల మనిషి కొంచెం కొంచెంగా చెరిగిపోవడాన్నీ ఒకే మాటలో పడేసి నవ్వుకుంటాం. యాభై అయిదేళ్ల మనిషికి చాదస్తం ఏమిటండీ? ఎవరైనా అడిగారా? చాలా ఆలస్యంగా ఒక డాక్టరు అల్జీమర్స్ అని పేరు చెప్పాడు. ఉమ తల్లిని ఎనిమిదేళ్లు పసిపిల్లలా సాకింది. చెల్లెలు పోయి ఇప్పటికి ఎనిమిదేళ్లు.

ఆ ఎనిమిదేళ్లలోనే నేను ఆ చదువంతా చదివాను. నాకు అర్థమైనంత చెబుతాను. ఈ జబ్బుకు ముడిపడిన జన్యువుల్లో ఒక రకం చాలామందిలో ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరదు, ముప్పు పెరుగుతుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి అందితే కొంత, ఇద్దరి నుంచీ అందితే ఇంకా ఎక్కువ. అది లేనివాళ్లకు కూడా జబ్బు రావచ్చు. రెండో రకం చాలా అరుదు. ఏ కొద్ది కుటుంబాల్లోనో ఉంటుంది. ఒక జన్యువులో ఒక్క చిన్న అక్షరదోషం. అది అందినవాళ్లకు జబ్బు దాదాపు తప్పదు, అదీ నడివయసులోనే. పిల్లల్లో ఒక్కొక్కరికీ అది అందే అవకాశం సగం. బొమ్మా బొరుసూ. మా నాన్నకు ఇద్దరం పిల్లలం. నాకు డెబ్భై ఆరు వచ్చినా నిన్న కూర ఏమిటో, యాభై రెండేళ్ల కిందట పెళ్లివారికి ఏ పళ్లెంలో ఏం పెట్టామో చెప్పగలను. మా ఇద్దరిలో బొరుసు ఎవరికి పడిందో తెలుస్తూనే ఉంది. మా ఇంట్లో జ్ఞాపకం మిగిలింది నాకొక్కడికి. దాంతో నేనేం చేశానో చూడండి.

ఇక రెండోసారి సంగతి.

పోయిన కార్తీకంలో ఉమ నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రిలో నరాల డాక్టరు దగ్గరకు వెళ్లింది. ఉమకు నలభై ఏడు. మాటలు దొరకడం లేదట. పాఠం మధ్యలో ఆగిపోతోందట. "నాకు తెలుసుకోవాలనుందండీ. నాకు ఇరవై రెండేళ్ల కూతురుంది," అంది. డాక్టరు చిన్నామె, ఓపికగా విన్నది. ఒక కాగితం తీసి మా వంశం గీసింది. మగవాళ్లకు చదరపు గడి, ఆడవాళ్లకు సున్నా. జబ్బు వచ్చినవాళ్లది నల్లగా నింపుతారు. చెల్లెలి సున్నా నింపింది.

"అమ్మగారొక్కరికే అయితే ముందు మామూలు కారణాలన్నీ చూద్దామండి. నిద్ర, థైరాయిడ్, దిగులు, ఇలాంటివి," అంది. "తాతగారికి కూడా ఆ వయసులోనే వచ్చి ఉంటే మాత్రం వేరే. అప్పుడు ఆ జన్యువు పరీక్ష గురించి మాట్లాడుకోవాలి. తాతగారి సంగతేంటండీ?"

ఉమ నవ్వుతూ నా వైపు తిరిగింది. "మా మావయ్యని అడగండి. మా ఇంట్లో అన్నీ గుర్తుండేది ఆయనకే."

ఆ క్షణం నా ముందు అంతా ఉంది. ఆ గడి. ఆ పెన్ను. మూడు తరాలు ఒక గీత మీద. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతోందో ఆ గదిలో ఉమ కంటే నాకే ఎక్కువ తెలుసు.

"తాగుడండి," అన్నాను. "యానాం సరుకు."

ఎందుకన్నాను? తరువాత ఎన్ని కారణాలు అల్లుకున్నానో! మందు లేని జబ్బు, తెలిసి ఏం లాభం అనుకున్నాను. చూశారా, ఇక్కడా లాభమే. ఉమ బెంగ పెట్టుకుంటుంది, దానికి చెప్పకపోవడమే దయ అనుకున్నాను. అన్నీ బూటకం. తెలుసుకోవాలా వద్దా అన్నది ఆ పిల్ల తేల్చుకోవాలి. నేను తేల్చేశాను. అసలు కారణం చాలా చిన్నది, చాలా నీచమైనది. ఆ గడి నిండితే, అరుగు మీద ఆ సీసాలు ఎవరు పెట్టారన్న ప్రశ్న వస్తుంది. తండ్రి కండువా మీద బ్రాందీ పోసినవాడిగా ఉమ కళ్ల ముందు నిలబడటం నాకు ఇష్టం లేదు. అంతే. దాని కోసం ఆమె బతుకును అడ్డం పెట్టాను.

డాక్టరు తాతగారి గడిని తెల్లగానే వదిలేసి, కింద ఆల్కహాల్ అని రాసింది. ఉమ మొహం తేలికపడింది. తిరిగొస్తూ నా కోసం ఆత్రేయపురం పూతరేకులు కొంది. బెల్లంవి, నాకు ఇష్టమని. తిన్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. థైరాయిడ్ బాగానే ఉందన్నారు. నిద్రమాత్రలు ఇచ్చారు. మొన్న ఆషాఢం రాకముందు అమలాపురంలో మా వాళ్ల గృహప్రవేశం. భోజనాలయ్యాయి. ఎవరో కాకి కథ చెప్పమన్నారు. తల్లి పోయాక ఆ కథ చెప్పే వంతు ఉమకు వచ్చింది. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ చెబుతోంది. సీసా పెట్టారు, మూత తీశారు. "అప్పుడు వచ్చిందండీ, ఆ... అది..." ఆగింది. "నల్లగా... ఎగిరేది..."

అందరూ గొల్లుమన్నారు. ఆటపట్టిస్తోందనుకున్నారు. "కాకి అమ్మా, కాకి! కథే అదీ!" అంది కూతురు, తల్లి భుజం మీద పడి నవ్వుతూ. ఉమ కూడా నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. కొబ్బరి రాశి ముందు నాన్న నవ్విన నవ్వు అది.

మర్నాడు ఉమ వాళ్లింటికి వెళ్లాను. పొద్దున్నే, ఆమె ఒక్కతే ఉండగా చెప్పాను. మీకు చెప్పినట్టే, పంటు దగ్గర నుంచి పూతరేకుల దాకా. అంతా అయ్యాక అడిగింది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదమ్మా."

"చివరిదాకా తాతయ్యని తిట్టుకుంటూనే పోయింది మావయ్యా. నన్ను కూడా గుర్తుపట్టని రోజుల్లో కూడా, మా నాన్న తాగొచ్చాడు తలుపెయ్యి, తలుపెయ్యి అనేది. మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నానమ్మా."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఏడుస్తుందనుకున్నాను. ఫైలు తెచ్చింది. అందులో డాక్టరు గీసిన కాగితం నకలు. నా ముందు పెట్టి, పిల్లల పరీక్షపేపర్లు దిద్దే పెన్ను పక్కకు తోసి, నల్లది ఇచ్చింది.

"నింపండి," అంది.

నేను నింపాను. చిన్న గడే. నలుపు గీత దాటింది. కింద రాసిన ఆల్కహాల్ అన్న మాట కొట్టేశాను. కింది వరుసలో నా గడి తెల్లగా ఉంది. తెల్లగా ఉన్నందుకు దాని మీద నాకు అసహ్యం వేసింది.

ఆ కాగితంతో ఆమె మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లింది. నన్ను రమ్మనలేదు. ముందు కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడి, తరువాత పరీక్షకు నెత్తురు తీశారట. కూతురు తన పరీక్ష సంగతి తాను ఆలోచించుకుంటానందట. ఇంతవరకే నాకు తెలుసు. ఇంతకు మించి తెలియదు. ఎందుకంటే ఆ గడి నింపిన రోజు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నేను, "రిపోర్టు రాగానే ఫోను చెయ్యమ్మా" అన్నాను. ఉమ నన్ను చాలా నెమ్మదిగా చూసింది.

"చెప్పను మావయ్యా," అంది. "ఏది వచ్చినా మీకు మాత్రం చెప్పను. దాచుకోవడం మీకొక్కరికే వచ్చా ఏంటి?"

కోపంగా అనలేదు. అందుకే అది ఇంకా లోపలే ఉంది.

రిపోర్టు ఈపాటికి వచ్చే ఉంటుంది. ఫోను మోగినప్పుడల్లా చూస్తాను. ఆమెది కాదు. నాకు కోపం వస్తుంది, ముసలివాణ్నని కూడా చూడకుండా ఏమిటీ శిక్ష అని. మరుక్షణం ఆ కోపం మీద కోపం వస్తుంది. ఎనిమిది నెలలు ఆమెను చీకట్లో కూర్చోబెట్టినవాణ్ని, ఎన్నాళ్లయిందని గొణుగుతున్నాను? నా చెల్లెలు మొత్తం బతుకంతా కూర్చుంది. నాన్న చేతులు జోడించుకుని కూర్చున్నాడు.

నన్నెవరూ క్షమించలేదు. క్షమించాల్సిన ఇద్దరూ లేరు. ఉన్న ఒక్కరికీ ఆ పని మీద తీరిక లేదు. ఉండకూడదు కూడా. నాకు మిగిలింది ఈ కాగితం, నల్లటి పెన్ను. ఉమ ఆ పెన్ను తిరిగి తీసుకోలేదు. దాంతోనే ఇదంతా రాశాను. రాస్తున్నంతసేపూ మంట తగ్గలేదు. కానీ నోట్లో ఇన్నేళ్లుగా ఉన్నది మాత్రం ఇప్పుడు అక్కడ లేదు. నాలుకతో తడిమి చూసుకుంటున్నాను. లేదు.

కాకి కథ మీ దాకా ఎప్పుడైనా వచ్చి ఉంటే, గోదావరి జిల్లాలో ఎవరో తాగుబోతు పెద్దకర్మలో సీసా మూత తీస్తేగానీ కాకి రాలేదట అని ఎవరైనా చెప్పి మిమ్మల్ని నవ్వించి ఉంటే, ఆ తాగుబోతు మా నాన్న. ఆయన కొబ్బరికాయలు లెక్కవేసే మనిషి. ఇద్దరు తగవుదారులు నమ్మిన మనిషి. ఆయన తాగలేదు. పోసింది నేను.